మాంట్రియల్ ఆఫీసులో ముందు ఏ భాషలో నోరు తెరవాలి?

కూకట్‌పల్లి_కలం (ప్రశ్న)

మిత్రులందరికీ నమస్కారం. హైదరాబాదులో ఒక బహుళజాతి సంస్థ ఆర్థిక విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. సెప్టెంబరు నుంచి నన్ను మాంట్రియల్ కార్యాలయానికి బదిలీ చేస్తున్నారు. ఇంటర్వ్యూలు రెండూ ఇంగ్లీషులోనే జరిగాయి. ఇక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు, మీరేమీ కంగారు పడనక్కరలేదని అక్కడి మేనేజరు భరోసా కూడా ఇచ్చారు. నేను నిజంగానే కంగారు పడలేదు, పోయిన వారం దాకా.

పోయిన వారం పరిచయం కోసమని వాళ్ల వీడియో మీటింగుకు నన్ను పిలిచారు. నేను చేరేసరికి తొమ్మిది మందీ ఫ్రెంచిలో ఏదో చెప్పుకుని పడీపడీ నవ్వుకుంటున్నారు. తెర మీద నా పేరు కనబడగానే ఒకాయన "ఓకే, ఇంగ్లీష్" అన్నారు. అంతే, అందరూ ఇంగ్లీషులోకి మారిపోయారు, నవ్వులు ఆగిపోయాయి, గంట పట్టవలసిన మీటింగు ఇరవై నిమిషాల్లో ముగిసింది. నన్ను ఎవరూ చిన్నచూపు చూడలేదు, పైగా ఒక్కొక్కరూ పేరుపేరునా పలకరించారు. అయినా పిలవని పేరంటానికి వెళ్లినట్టు అనిపించింది. మర్నాడు ఉద్యోగ ఒప్పందం వచ్చింది, ముందు ఫ్రెంచి ప్రతి, దాని వెనక ఇంగ్లీషు ప్రతి.

అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో నాలుగు నెలలు చదివాను కనుక పలకరింపులు, అంకెలు, రోజుల పేర్లు వచ్చు, అంతకు మించి రాదు. ఈ వచ్చీరాని ఫ్రెంచితో మొదలుపెడితే వాళ్లకు విసుగు పుడుతుందా, లేక హాయిగా ఇంగ్లీషులో మాట్లాడితేనే మర్యాదా? పై అధికారిని "మీరు" అన్నట్టు పిలవాలా, "నువ్వు" అన్నట్టా? అక్కడ పనిచేస్తున్న వారు, పనిచేసి వచ్చిన వారు తమ అనుభవం చెబితే రుణపడి ఉంటాను.

మంచులో_గోదావరి

నమస్కారం. విమానాల విడిభాగాలకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ పనిలో పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. మీరు చూసిన ఆ ఇరవై నిమిషాల్లోనే ఇక్కడి ఆఫీసు మర్యాద అంతా ఉంది కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

మాంట్రియల్‌ను అందరూ ద్విభాషా నగరం అంటారు. మెట్రోలో నిలబడి చెవి ఒగ్గితే అది నిజమే, ఇక్కడ సగానికి పైగా జనం రెండు భాషలూ మాట్లాడగలరు. కాగితం మీద మాత్రం అలా లేదు. కెనడా ప్రభుత్వానికి 1969 నుంచి రెండు అధికార భాషలు ఉన్నా, మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రానికి 1974 నుంచి ఫ్రెంచి ఒక్కటే అధికార భాష. 1977 ఆగస్టులో క్యూబెక్‌లో రెనే లెవెక్ ప్రభుత్వం తెచ్చిన, అందరూ బిల్లు 101 అని పిలిచే చట్టం, ఫ్రెంచిలో పనిచేసుకోవడం ప్రతి ఉద్యోగికీ హక్కు అని నిర్ణయించింది. 2022లో వచ్చిన బిల్లు 96 దాన్ని మరింత బిగించింది. ఒకప్పుడు 50 మంది ఉద్యోగులు ఉంటేనే ప్రభుత్వ ఫ్రెంచి భాషా కార్యాలయంలో నమోదు కావలసి వచ్చేది, 2025 జూన్ 1 నుంచి 25 మంది ఉన్న చిన్న సంస్థలకూ అదే నియమం. మీ ఒప్పందం ముందు ఫ్రెంచిలో రావడం ఈ చట్టం వల్లనే తప్ప మిమ్మల్ని పరీక్షించడానికి కాదు.

ఈ చట్టం ఊరికే రాలేదు. 1960ల దాకా ఈ ఊళ్లో ఎక్కువ మంది ఫ్రెంచివారే అయినా బ్యాంకుల్లో, రైల్వేలో, పెద్ద కంపెనీల పై అంతస్తుల్లో నడిచింది ఇంగ్లీషు. 1962లో కెనడియన్ నేషనల్ రైల్వే అధ్యక్షుడు డొనాల్డ్ గార్డన్‌ను, మీ ఉపాధ్యక్షుల్లో ఒక్క ఫ్రెంచివాడూ లేడేమని పార్లమెంటు కమిటీ అడిగితే, అర్హతను బట్టే పదవులు ఇస్తున్నామని ఆయన జవాబిచ్చారు. అంటే ఫ్రెంచివాళ్లలో అర్హులు లేరనే కదా అని మాంట్రియల్ విద్యార్థులు వీధికెక్కారు. మీ టీములో యాభై దాటిన వాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల తల్లిదండ్రులు సొంత ఊళ్లోనే పై అధికారి భాషలో మాటలు కూడబలుక్కుంటూ మాట్లాడిన తరం వాళ్లు. కాబట్టి గదిలోకి ఒక్క మనిషి రాగానే తొమ్మిది మంది భాష మార్చుకోవడం వాళ్లకు మర్యాదే, అందులో పాత అలసట కూడా ఉంది. పైకి ఎవరూ అనరు. అనరు కాబట్టే మనవాళ్లు ఏళ్ల తరబడి గమనించరు.

నేను గమనించడానికి రెండేళ్లు పట్టింది. ఒకనాడు మీటింగు ఇంగ్లీషులో ముగిసింది, అందరం లేచాం, నేను నీళ్ల సీసా మరిచిపోయి వెనక్కి వెళితే అదే గదిలో అదే విషయం ఫ్రెంచిలో మళ్లీ మొదలైంది. ఇంగ్లీషులో ఒక్క ముక్క మాట్లాడని మా టెస్టింగ్ ఇంజనీరు చేతులు ఊపుతూ, మా డిజైనులో తప్పు ఎక్కడ ఉందో వివరిస్తోంది. ఆవిడ చెప్పింది సరైనదే. నా ఎదుట చెప్పి ఉంటే మూడు వారాల పని కలిసి వచ్చేది.

ఆ మర్నాటి నుంచి నేను మీటింగు మొదట్లోనే ఒక మాట చెప్పడం అలవాటు చేసుకున్నాను: "మీరు ఫ్రెంచిలోనే కానివ్వండి, నేను ఇంగ్లీషులో జవాబిస్తాను, అర్థం కాకపోతే ఆపి అడుగుతాను." ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటూ పని కానివ్వడం ఈ ఊళ్లో విడ్డూరమేమీ కాదు. మొదటి మూడు నెలలూ సగం కూడా అర్థం కాదు, అందుకని స్లయిడ్లు ముందురోజే అడిగి తెప్పించుకోండి. గడువులు, అంకెలు, ఎవరి బాధ్యత ఏమిటి అన్నవి మాత్రం చివరలో ఇంగ్లీషులో ఒకసారి చెప్పించుకోవడానికి మొహమాట పడకండి.

పలకరింపు "బోంజూర్" ఒక్కటి చాలు. దుకాణాల్లో "బోంజూర్-హాయ్" అని రెండూ కలిపి అంటారు, మీరు దేనికి బదులు పలికితే ఆ భాషలో మాట సాగుతుంది. మీకు అది ముచ్చటగా అనిపించవచ్చు, కానీ వ్యాపారులు బోంజూర్ అంటే చాలునని క్యూబెక్ శాసనసభ 2017లో ఏకగ్రీవంగా తీర్మానం చేసిందంటే ఆ ఒక్క "హాయ్" ఎంత బరువైనదో చూడండి. మీ యాస విని ఎదుటివారు ఇంగ్లీషులోకి మారితే చిన్నబుచ్చుకోకండి, నేర్చుకుంటున్నానని చెప్పి ఇంకో రెండు వాక్యాలు ఫ్రెంచిలోనే లాగండి.

ఇంగ్లీషుతో బతకలేమా అంటే నిక్షేపంగా బతకవచ్చు. ఆ సంగతి పైకి గొప్పగా చెప్పుకుంటేనే చిక్కు. ఎయిర్ కెనడా అధిపతి మైఖేల్ రూసో 2021 నవంబరులో ఇక్కడి వాణిజ్య మండలి సభలో దాదాపు అంతా ఇంగ్లీషులోనే ప్రసంగించి, ఆపైన విలేకరులతో, ఫ్రెంచి లేకుండానే మాంట్రియల్‌లో ఇన్నేళ్లు ఉండగలిగానని, అది ఈ నగరం గొప్పదనమని అన్నారు. మర్నాడే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది, ఫ్రెంచి నేర్చుకుంటానని మాట ఇవ్వవలసి వచ్చింది. ఆయనకు ఫ్రెంచి రాదని ఆఫీసుల్లో వాళ్లకు ముందే తెలుసు. అన్నేళ్లూ ఊరుకున్నవాళ్లు ఆ ఒక్క వాక్యానికి భగ్గుమన్నారు.

లావల్_లెక్కలు

చరిత్ర పైవారు చెప్పారు కాబట్టి నేను బల్ల మీది సంగతులు చెబుతాను. నేనూ మీలాగే లెక్కల మనిషినే.

మొదటిరోజు మీకిచ్చే కంప్యూటరు కీబోర్డు కెనడా ఫ్రెంచిది కావచ్చు. మనం ఏటవాలు గీత నొక్కే చోట నెత్తిన గీత ఉన్న "ఎ" అక్షరం పడుతుంది. తారీఖు టైపు చేయబోతే నాకు మూడుసార్లు అదే పడింది. సాఫ్ట్‌వేరు ఫ్రెంచిలో ఉండటం ఉద్యోగుల హక్కు కాబట్టి ఎక్సెల్ కూడా ఫ్రెంచిలోనే ఉంటుంది. మనం కూడికకు వాడే "సమ్" అక్కడ "సోమ్", ప్రాణప్రదమైన "వీలుకప్" అక్కడ "రెషెర్ష్ వే", ఫార్ములాలో కామా పెట్టే చోట సెమికోలన్. మార్చుకోవచ్చు, ఐటీ వాళ్లను అడిగితే చేసి పెడతారు. కానీ పక్కవాళ్ల ఫైలు తెరిచినప్పుడు బిత్తరపోకుండా ఉండటానికి అలాంటి పది పేర్లు నేర్చుకోవడం మేలు.

కామా సంగతి మాత్రం బాగా గుర్తు పెట్టుకోండి. ఫ్రెంచిలో దశాంశానికి చుక్క ఉండదు, కామా ఉంటుంది. వేలకు కామా ఉండదు, ఖాళీ ఉంటుంది. డాలరు గుర్తు అంకె వెనక వస్తుంది. వచ్చిన నెలలోనే ఒక కాంట్రాక్టరు పనిగంటల పట్టీలో 12,500 అని చూసి, ఈయన ఒక్క వారంలో పన్నెండున్నర వేల గంటలు పనిచేశారట, దయచేసి పరిశీలించగలరు అని మేనేజరుకు మెయిలు పెట్టాను. ఆయన పనిచేసింది పన్నెండున్నర గంటలు. ఆ మెయిలు ఇప్పటికీ మా విభాగంలో పండుగ పండుగకూ బయటికి వస్తుంది.

భోజనాల పేర్లలోనూ ఒక గొయ్యి ఉంది. మీ అలియాన్స్ పాఠాల్లో మధ్యాహ్న భోజనం "దెజునే", రాత్రి భోజనం "దీనే" అని నేర్పి ఉంటారు, అది ఫ్రాన్సు వాడుక. ఇక్కడ "దెజునే" అంటే పొద్దుటి టిఫిను, "దీనే" అంటే మధ్యాహ్న భోజనం, రాత్రిది "సుపే". గురువారం దీనేకు రమ్మని ఒక సహోద్యోగి నన్ను పిలిస్తే, నేను మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా ముగించుకుని, సాయంత్రానికి చీర కట్టుకుని ఎదురుచూశాను. వాళ్లు మధ్యాహ్నం హోటల్లో నా కుర్చీ ఖాళీగా పెట్టుకుని అరగంట కూర్చున్నారట. "సాంకా సెత్", అంటే ఐదు నుంచి ఏడు, అని పిలుపు వస్తే అది ఆఫీసు అయ్యాక కలిసి కూర్చుని ఏదైనా తాగడానికి. మందు తాగకపోయినా వెళ్లండి, సోడా పట్టుకుని నిలబడినా ఎవరూ ఏమీ అనరు, అసలు పరిచయాలు అక్కడే అవుతాయి. భోజనం గదిలో ఎవరైనా తింటూ కనబడితే ముక్కూ మొహం తెలియకపోయినా "బోనాపెతి" అని దాటాలి, తినేవారు "మెర్సీ" అనాలి. నేను మొదట్లో, మన డబ్బా వాసనకు ఏమైనా అంటున్నారేమో అనుకున్నాను.

మీరు, నువ్వు అన్న ప్రశ్నకు వస్తాను. ఫ్రెంచిలో "వూ" మన మీరు, "తు" మన నువ్వు, కాబట్టి ఇంగ్లీషువారికంటే మనకే ఇది తొందరగా పట్టుబడాలి. అలవాటే ఎదురు తిరుగుతుంది. మనం పదేళ్లు కలిసి పనిచేసినా పై అధికారిని మీరు అనే అంటాం, నువ్వు అంటే నోరు కాలినట్టు ఉంటుంది. క్యూబెక్‌లో టీములోకి చేరిన వారం లోపే "తు" లోకి దిగుతారు, డైరెక్టరుతో సహా. వాళ్లు దిగాక కూడా మీరు "వూ" దగ్గరే ఆగితే గౌరవం అనుకోరు, దూరం పెడుతున్నారనుకుంటారు. కొత్త క్లయింటు, ప్రభుత్వ అధికారి, వయసు మళ్లినవారు అయితే "వూ" తోనే మొదలుపెట్టండి, తగ్గించే పని వాళ్లకు వదిలిపెట్టండి. రాతలో కూడా అంతే. మెయిలును ఇక్కడ "కురియెల్" అంటారు. అది "బోంజూర్" తో మొదలై "బోన్ జుర్నే" తో ముగిస్తే చాలు. రెండు భాషల్లో రాయవలసి వస్తే ఫ్రెంచి పైన ఉండాలి.

ఇంకో చిన్న మాట. కోపం వచ్చినప్పుడు వీళ్లు వాడే తిట్లలో చాలావరకు చర్చిలోని పవిత్ర వస్తువుల పేర్లు. వినడానికి తమాషాగా ఉంటాయి, అర్థం తెలిశాక అనాలనీ అనిపిస్తుంది. అనకండి.

ఒకప్పటి_మాంట్రియలర్

పైవారిద్దరూ బాగానే చెప్పారు కానీ నాకు మిగిలిన చేదు కూడా చెప్పకపోతే ఈమెకు సగం చిత్రమే అందుతుంది. ఐదేళ్లు అక్కడ పనిచేసి టొరంటోకు మారాను. సంస్థ పేరు చెప్పను. చేరేటప్పుడు నాకూ ఇదే మాట చెప్పారు, ఇంగ్లీషు చాలునని. మూడేళ్లు చాలింది కూడా. టీము లీడరు పదవి ఖాళీ అయినప్పుడు, క్యూబెక్ నగరంలోని క్లయింట్లతో మాట్లాడాలి కాబట్టి ఫ్రెంచి తప్పనిసరి అన్నారు, నాకంటే రెండేళ్లు చిన్నవాడికి ఇచ్చారు. క్లయింట్లతో ఫ్రెంచిలోనే మాట్లాడాలన్నది న్యాయమే, నేను కాదనను. కానీ నోటితో ఒకటి చెప్పి, పైకి ఎక్కే మెట్టు దగ్గర ఇంకొకటి చెప్పడం నాకు మర్యాదగా అనిపించలేదు.

నా తప్పు కూడా ఉంది. సాయంత్రం తరగతులు ఆరింటికి మొదలయ్యేవి, ఇద్దరు పిల్లలు, మైనస్ ఇరవై చలి, రెండుసార్లు చేరి రెండుసార్లూ మానేశాను. అందుకే ఈ సోదరికి చెప్పేది ఒక్కటే: చేరకముందే, ఆఫీసు వేళల్లో వారానికి ఇన్ని గంటలు ఫ్రెంచి తరగతులకు ఇస్తామని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. చేరాక అడిగితే, చూద్దాం అంటారు.

యానాం_వంతెన

మాది యానాం. ఆ పేరు వినగానే ఇక్కడి ఫ్రెంచివాళ్లకు, 1954 దాకా మీ ఊరు ఫ్రెంచివాళ్లదే కదా, ఇంకేం అని కళ్లు మెరుస్తాయి. ఫ్రెంచి మా తాతగారికి వచ్చు, నాకు రాదు అని చెప్పుకోవలసి రావడం కొంచెం సిగ్గు.

టొరంటో సోదరుల బాధ అర్థమైంది, రాతపూర్వకంగా అడగమన్న సలహా బంగారం లాంటిది. అయితే ఇక్కడి చట్టం మనకు అలవాటైన పద్ధతికి తలకిందులుగా ఉంటుందని కూడా తెలియాలి. ఫ్రెంచి రావాలని అడగడానికి సంస్థ ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. ఉద్యోగానికి ఇంగ్లీషు రావాలని అడగాలంటేనే, ఆ పనికి అది ఎందుకు అవసరమో, ఇప్పటికే ఇంగ్లీషు వచ్చిన ఉద్యోగులతో ఎందుకు సరిపెట్టుకోలేరో చూపించాలి. మనం ఇంగ్లీషును నీళ్లలా, గాలిలా ఉండేదనుకుంటాం, ఇక్కడ దానికి కారణం రాయాలి.

తరగతుల విషయానికి వస్తే, 2023 జూన్ నుంచి ప్రభుత్వం ఫ్రాన్సిసాసియోన్ క్యూబెక్ అన్న ఒకే సేవా కేంద్రం తెరిచింది, పగలు, సాయంత్రం, ఇంటర్నెట్‌లో ఉచితంగా నేర్పుతారు. నేను భోజనం వేళలో ఇంటర్నెట్ తరగతి పట్టాను.

ఇంకొకటి చెబితే ఎవరైనా నొచ్చుకోవచ్చు. మాంట్రియల్‌కు రాకముందు నేను బెంగళూరులో ఎనిమిదేళ్లు పనిచేశాను. మా టీములో ఆరుగురు కన్నడిగులు ఉండేవారు, నేను వెళ్లగానే కన్నడ ఆపి ఇంగ్లీషు మాట్లాడేవారు, నేను దాన్ని నా హక్కు అనుకున్నాను. ఎనిమిదేళ్లలో నేర్చుకున్నది ఆటోవాడితో బేరమాడే నాలుగు మాటలు. మన లిపికి అక్కచెల్లెలి లాంటి లిపి, సగం మాటలు మనవే, అయినా నేర్చుకోలేదు. మాంట్రియల్‌లో వీసా భయం ఉంది, పదోన్నతి ఆశ ఉంది కాబట్టి ఏడాదిన్నరలో ఫ్రెంచిలో మీటింగు నడిపే స్థితికి వచ్చాను. నా తీరిక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

కూకట్‌పల్లి_కలం

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. గురువారం వాళ్ల మీటింగుకు మళ్లీ పిలిచారు. "ఓకే, ఇంగ్లీష్" అన్న ఆ మాట వచ్చేలోపే, అద్దం ముందు పదిసార్లు అనుకున్న వాక్యం అనేశాను: "కొంతిన్యుయే ఆన్ ఫ్రాంసే, సిల్ వూ ప్లే." ఫ్రెంచిలోనే కానివ్వండి, దయచేసి, అని. రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. మైకు ఆపేసి ఉందేమో అనుకున్నాను. తరువాత ఒకావిడ "బ్రావో" అంది, మీటింగు గంటా పది నిమిషాలు నడిచింది, నాకు అర్థమైంది బహుశా నాలుగో వంతు. మధ్యలో ఎందుకో అందరూ పగలబడి నవ్వారు, ఎందుకో ఇప్పటికీ తెలియదు. ముగిశాక మేనేజరు విడిగా ఫోను చేసి, నేను చేయవలసిన మూడు పనులూ ఇంగ్లీషులో చెప్పారు. తరగతుల గంటల సంగతి అప్పుడే అడిగాను, వారానికి మూడు గంటలు, రేపు మెయిలులో రాసి పంపుతానన్నారు.

ఒక సందేహం. అందరూ "తు" అంటారన్నారు కదా, నేను "సిల్ వూ ప్లే" అనడం తప్పయిందా?

లావల్_లెక్కలు

తప్పు కాలేదు. మీరు తొమ్మిది మందితో మాట్లాడారు, ఒకరికంటే ఎక్కువ మంది ఉంటే ఎంత చనువున్నా "వూ" అనే అనాలి. మేనేజరుతో విడిగా మాట్లాడినప్పుడు మాత్రం "సిల్ తు ప్లే". ఆ మెయిలు వచ్చాక ఒక ప్రతి మీ సొంత మెయిలుకు కూడా పంపించుకోండి. సూట్‌కేసులో ఆఫీసు గదిలో వేసుకోవడానికి ఒక జత చెప్పులో బూట్లో విడిగా పెట్టుకోండి. నవంబరు నుంచి అందరూ మంచు బూట్లు గుమ్మం దగ్గర చాప మీద విడిచి, సంచీలోంచి వేరే జత తీసి తొడుక్కుంటారు. మొదటి మంచు రోజు నేను సాక్సులతో తిరిగాను.